సీమ సైకిలు అంటున్నాడు, నమ్మొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు, ఇచ్ఛాపురం వైపు వాళ్లు పాత రేసింగు సైకిళ్ల గురించి ఉత్తరాలు రాశారు. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగిన చోట కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఊళ్లో పాత సామాన్ల కొట్టులో వంపు హ్యాండిలు గేరు సైకిలు ఒకటి ఉంది. ఆకుపచ్చ రంగు కొత్తగా కొట్టారు, మీద ‘రాలీ’ స్టిక్కరు వేశారు. కొట్టాయన ‘బిలాతీ మాల్ (ఇంగ్లండు సరుకు), అసలైన సీమ సైకిలు’ అంటున్నాడు. ధర కూడా అలాగే చెబుతున్నాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: స్టిక్కరు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు, దాన్ని చూడనట్టే ఉండండి. రాలీ అనేది ఇంగ్లండు కంపెనీ, ఆ పేరుతో ఇంకో చిక్కు ఉంది. ఆసన్సోల్‌లో సేన్-రాలీ కంపెనీ 1950లలోనే మన దేశంలో ఆ పేరు మీద సైకిళ్లు తయారుచేసింది. అందుకని హ్యాండిలు దిగే ముందు గొట్టానికి కొంగ తల బ్యాడ్జి ఉన్నా, అది అసలు బ్యాడ్జే అయినా, బండి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిందని అర్థం కాదు. రంగు కింద బ్యాడ్జి అక్షరాలు పూడుకుపోయి ఉంటే గోటితో గీకి, ఊరి పేరు ఏమైనా ఉందేమో చదవండి.

కొట్టుకు వెళ్లేటప్పుడు పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, చిన్న టార్చిలైటు, ఒక వెర్నియర్ కాలిపర్, మూడు మీటర్ల దారం పట్టుకెళ్లండి. కాలిపర్ ప్లాస్టిక్‌ది అయినా ఫరవాలేదు.

అయస్కాంతం ఫ్రేముకు పెట్టి లాభం లేదు. నాసిరకం ఉక్కుకూ అంటుకుంటుంది, మేలురకం ఉక్కుకూ అంటుకుంటుంది. రిమ్ముకు, క్రాంకుకు (పెడలు తగిలించే చేతికి), హ్యాండిలుకు, సీటు పోస్టుకు, హబ్బుకు పెట్టి చూడండి. 1970ల నాటి మంచి రేసింగు సైకిలు అయితే ఫ్రేము ఉక్కుదే గాని ఈ ఐదూ అల్యూమినియంవి, అయస్కాంతం జారిపోతుంది. ఐదింటికీ టపటపా అంటుకుంటే అది రేసు సైకిలు రూపంలో ఉన్న మామూలు సైకిలు. తొక్కడానికి పనికిరాదని కాదు, ఆ ధర పెట్టకూడదని.

తర్వాత సీటు పోస్టు బయటికి తీయించండి. మా దృష్టిలో ఫ్రేము సంగతి అన్నిటికంటే కచ్చితంగా చెప్పేది ఇదే. పోస్టు కింది భాగంలో కొలత గుద్ది ఉంటుంది, లేకపోతే కాలిపర్‌తో కొలవండి. ఇంగ్లిషు ఫ్రేములో సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. రెనాల్డ్స్ 531 వంటి మేలురకం ఉక్కుతో చేసిన పలచటి గొట్టం గోడ అక్కడ 0.6 మి.మీ. ఉంటుంది. రెండు పక్కలా కలిపి 1.2 తీసేస్తే లోపలి ఖాళీ 27.4, అందులో జారడానికి వీలుగా 27.2 పోస్టు పడుతుంది. అదే 26.4 పోస్టు పడుతోందంటే గోడ మందం సుమారు 1 మి.మీ. ఉన్నట్టు, అంటే బరువైన మామూలు గొట్టం. ఫ్రెంచి ఫ్రేముల్లో మాత్రం బయటి వ్యాసమే 28 మి.మీ. కాబట్టి 26.4 చూసి తోసేయకండి. ఇంకో మోసం కూడా ఉంది. సన్న పోస్టుకు రేకు చుట్టి బిగిస్తారు. సీటు బోల్టు చెవులు రెండూ ఒకదానికొకటి ఆనుకునేంత నొక్కుకుపోయి ఉంటే అదే జరిగింది.

వెనక చక్రం ఇరుసు కూర్చునే పలకను డ్రాపౌటు అంటారు. మంచి ఫ్రేములో అది వేడి ఉక్కును అచ్చులో నొక్కి చేసిన మందపాటి పలక, డెరైలర్ (గేరు మార్చేటప్పుడు చైనును పక్కకు జరిపే భాగం) వేలాడే కొక్కెం అందులోనే కలిసి ఉంటుంది. చవక ఫ్రేములో రేకు కోసి చేసిన పలక ఉంటుంది, డెరైలర్‌కు విడిగా ఒక పట్టీ ఇరుసు నట్టు కింద బిగించి ఉంటుంది. పది అడుగుల దూరం నుంచే ఈ తేడా తెలుస్తుంది.

పాత సామాన్ల కొట్టే కాబట్టి కాటా అక్కడే ఉంటుంది, తూకం వేయించండి. 531 గొట్టాలతో, అల్యూమినియం సామానుతో చేసిన బండి సుమారు 10-11 కిలోలు తూగుతుంది. 14 దాటితే సీమ కబుర్లు కట్టిపెట్టమనండి.

ఇక పుట్టిన తేదీ. బండిని తలకిందులు చేసి, క్రాంకు ఇరుసు తిరిగే అడ్డగొట్టం అడుగున చూడండి. దాన్నే బి.బి. షెల్ అంటారు. నంబరు అక్కడ గాని, సీటు బోల్టు దగ్గర గాని, డ్రాపౌటు మీద గాని గుద్ది ఉంటుంది. 1970ల మధ్య నుంచి రాలీ నంబర్లలో మొదటి అక్షరం ఎన్ అయితే నాటింగ్‌హామ్, డబ్ల్యు అయితే వర్క్‌సాప్. వర్క్‌సాప్‌లోని కార్ల్‌టన్ కర్మాగారంలో మేలురకం రేసింగు ఫ్రేములు చేసేవారు. నంబరు ఆకురాయితో అరగదీసి ఉంటే మాత్రం బేరం అక్కడితో ఆపేసి వచ్చేయండి. దొంగసొత్తు కాదని రుజువు చేసుకునే దారి ఇక ఉండదు.

సామాను మీద కూడా తేదీలుంటాయి. జపాను కంపెనీ షిమానో భాగాల వెనక రెండు ఇంగ్లిషు అక్షరాలు గుద్దుతారు. మొదటిది సంవత్సరం: ఎ అంటే 1976, బి అంటే 1977, అలా జడ్ వరకు వెళ్తే 2001. రెండోది నెల: ఎ జనవరి, ఎల్ డిసెంబరు. కె-డి అని ఉంటే 1986 ఏప్రిల్. 2002లో మళ్లీ ఎ నుంచి మొదలుపెట్టారు గాని, ఆ రెండు కాలాల సామాను చూపులకే వేరుగా ఉంటుంది. ఇటలీ కంపెనీ కాంపన్యోలో చేసిన పాత వెనక డెరైలర్ మీద పేటెంట్ అన్న మాట పక్కన 74, 77 వంటి అంకె ఉంటే అది సంవత్సరమే. డెరైలరు, హబ్బులు, క్రాంకు ఒకటి రెండేళ్ల తేడాలో ఉంటే బండి కొన్నప్పటి సామానుతోనే ఉన్నట్టు. ఒకటి 1978, ఇంకోటి 1991 అయితే అతుకుల బొంత. అతుకుల బొంతను తొక్కుకోవచ్చు గాని, దానికి పాత బండి ధర ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: నేను తీసుకున్న పాత రేసింగు సైకిలు టైరు మీద 27 × 1¼ అని ఉంది. షాపులో 700సి టైరు ఎక్కించబోతే పట్టలేదు. ‘రెండూ ఒకటే, టైరు గట్టిగా ఉంది’ అన్నాడు మెకానిక్. నిజమేనా?
– పర్లాకిమిడి

జవాబు: ఒకటి కాదు. టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 27 అంగుళాల దానికి 630 మి.మీ., 700సి కి 622. ఎనిమిది మిల్లీమీటర్లు చిన్నదాన్ని లివర్లు పెట్టి ఎక్కించబోతే టైరు అంచులో తీగ తెగుతుంది, రిమ్ము గీరుకుపోతుంది. తిరగేసి 27 టైరును 700సి రిమ్ముకు వేస్తే సులువుగానే ఎక్కుతుంది, గాలి నింపగానే ఊడి ట్యూబు పేలుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. మన మామూలు 28 × 1½ పెద్ద సైకిలు టైరు 635, అదీ పట్టదు. టైరు పక్కన 32-630, 28-622 అని రెండు అంకెలుంటాయి. రెండో అంకె చూసి కొనండి, అంగుళాల మాట వదిలేయండి.

రెండు దారులున్నాయి. రిమ్ములు బాగుంటే 27 టైర్లు తెప్పించుకుని, ఒక జత అదనంగా దాచుకోండి. పాత రిమ్ములకు లోపలి అంచున టైరును పట్టే కొక్కెం ఉండదు, అందుకని టైరు మీద ఎంత రాసి ఉన్నా గాలి ఒత్తిడి 70 పి.ఎస్.ఐ. దాటనివ్వకండి. రిమ్ములు తుప్పువైతే, ఉక్కువైతే 700సి చక్రాలకు మారడమే మేలు, ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్లలో చాలావాటికి అదే టైరు గనక సులువుగా దొరుకుతుంది. అప్పుడు బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. కొనకముందే బ్రేకు చేతుల గాడిలో కింద అంత చోటు ఉందో లేదో చూసుకోండి. వెనక డ్రాపౌట్ల మధ్య దూరం కూడా కొలవండి: 5 గేర్ల కాలం బండికి 120 మి.మీ., 6-7 గేర్లకు 126, ఆ తర్వాతి వాటికి 130. ఉక్కు ఫ్రేమును 120 నుంచి 126కి విడదీయవచ్చు, రెండు పక్కలా సమానంగా జరగాలి. అల్యూమినియం ఫ్రేమును ఎప్పుడూ విడదీయకూడదు.

కొన్ని బండ్లకు ట్యూబ్యులర్ చక్రాలు ఉంటాయి. టైరులోనే ట్యూబు కుట్టి, రిమ్ముకు జిగురుతో అతికిస్తారు. రిమ్ము మీద టైరు అంచుకు గాడి లేకుండా నున్నటి పల్లం ఉంటే అదే. మన వైపు ఆ టైర్లతో వేగలేరు. హబ్బులు ఉంచుకుని రిమ్ములు మార్పించడానికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ప్రశ్న: గోపాల్‌పూర్‌లో సముద్రం పక్క ఇంట్లో చాలా ఏళ్లు వాడకుండా ఉంచిన సైకిలు అమ్ముతామంటున్నారు. పైకి మెరుస్తూనే ఉంది గాని సీటు ఎంత తిప్పినా కదలడం లేదు. కొనొచ్చా?
– ఇచ్ఛాపురం

జవాబు: ఉప్పుగాలి సైకిలును లోపలి నుంచి తినేస్తుంది, కాబట్టి పై మెరుపును లెక్కలోకి తీసుకోకండి. గొట్టాల్లోకి దిగిన నీరు అన్నిటికంటే కిందనున్న బి.బి. షెల్‌లో నిలుస్తుంది. అక్కడ, దాని వెనక గొట్టాల అడుగు భాగాన, రంగు బుడగల్లా లేచిందేమో వేలితో తడమండి. బుడగ ఉన్న చోట నాణెంతో కొట్టండి. మిగతా గొట్టం ఖంగుమంటే అక్కడ మొద్దుగా డబ్బుమంటుంటే లోపల లోహం పోయింది. రంగు మీద ఎర్రటి పొడి రాలితే భయం లేదు, పొలుసులు పొలుసులుగా పెచ్చులు రాలితే వదిలేయండి. క్రోమియం మీద చుక్కల్లాంటి తుప్పు మాత్రం పెద్ద సంగతి కాదు. అల్యూమినియం రేకు ముక్క నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోతుంది.

సీటు పోస్టు సంగతి వేరు. అల్యూమినియం పోస్టు, ఉక్కు గొట్టం, మధ్యలో ఉప్పు తేమ కలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, పోస్టు చీలలా బిగుసుకుపోతుంది. సుత్తితో కొడితే సీటు దగ్గరి అతుకు చిట్లుతుంది. సీటు బోల్టు పూర్తిగా తీసేసి, బండిని తలకిందులుగా నిలబెట్టి, బి.బి. ఇరుసు విప్పిన దారిలోంచి పోస్టు కింది అంచు మీదికి తుప్పు వదిలే నూనె పోయండి. రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. ఆ తర్వాత పాత సీటు బిగించి, ఒకరు ఫ్రేము పట్టుకుంటే ఇంకొకరు సీటును ఎడమకీ కుడికీ తిప్పాలి. పైకి లాగడం కాదు, తిప్పడమే పని. రవ్వంత కదిలినా గెలిచినట్టే, మళ్లీ నూనె పోసి తిప్పుతూ ఉండండి. అప్పటికీ రాకపోతే పోస్టును పైన కోసి, లోపలి నుంచి నిలువునా రంపపు బ్లేడుతో చీల్చి తీయాలి. అది లేతు పని తెలిసినవాడి చేతిలో పెట్టండి.

సీటు మీకు సరిపోయే ఎత్తులోనే బిగిసి ఉందని కొనేయకండి, రేపు అమ్మాలన్నా కష్టమే. ముందు గొట్టంలోకి దిగే హ్యాండిలు స్టెమ్ము కూడా ఇలాగే బిగుసుకుంటుంది. దాన్ని అమ్మేవాళ్ల ఎదుటే కదిలించి చూడండి. రెండూ బిగిసి ఉంటే సామాను ధరకు తప్ప తీసుకోకండి. బండి తెచ్చుకున్నాక గొట్టాల లోపల ఉడికించిన అవిసె నూనె పలచగా తిరిగేలా పోసి, పూర్తిగా ఆరనివ్వండి. సముద్రం దగ్గరి ఇళ్లకు ఇది తప్పనిసరి అని మా మాట.

ప్రశ్న: పెడలు కింద ‘టక్ టక్’ అంటోంది. కాటరు పిన్ను రెండు సార్లు మార్చారు, వారం తిరక్కుండా మళ్లీ వదులు.
– కాశీనగర్

జవాబు: కాటరు పిన్ను అంటే క్రాంకును ఇరుసుకు బిగించే పిన్ను. అది వదులవడానికి మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. మొదటిది పిన్ను సైజు. ఇంగ్లిషు బండ్లకు 9.5 మి.మీ. పిన్ను, మరికొన్నిటికి 9. తొమ్మిది పిన్నును తొమ్మిదిన్నర రంధ్రంలో వేస్తే నట్టు ఎంత బిగించినా నిలవదు. రెండోది, పిన్ను చదును వైపు ఇరుసు గాడికి పూర్తిగా ఆనకపోవడం. కొత్త పిన్నును వేసి తీసి చూడండి, మెరుపు గీత చదునుకు ఒక మూలనే పడితే ఆ ఎత్తున్న చోటు ఆకురాయితో సాపు చేయాలి. మూడోది, మెకానిక్ నట్టు తిప్పి పిన్నును లోపలికి లాగడం. నట్టుది పిన్నును నిలబెట్టే పని మాత్రమే, లోపలికి దింపాల్సింది సుత్తి.

క్రాంకు కింద ఇనప గొట్టం ముక్క నేల మీద నిలబెట్టి, దాని మీద క్రాంకు ఆనించండి. పిన్ను కొన గొట్టం బోలులోకి రావాలి. అప్పుడు నాలుగు గట్టి దెబ్బలు వేయండి, నట్టు బిగించండి, 20-30 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ నాలుగు దెబ్బలు వేసి బిగించండి. ఆసరా లేకుండా కొడితే ఆ దెబ్బలన్నీ బి.బి. బాల్సుకు, కప్పులకు తగులుతాయి. కుడి పిన్ను ఒక వైపు నుంచి, ఎడమ పిన్ను ఎదురు వైపు నుంచి దిగాలి, లేకపోతే రెండు పెడళ్లు ఒకే గీతలో రావు. ఇన్ని చేసినా వదులైతే క్రాంకు రంధ్రమే అరిగిపోయింది, క్రాంకు మార్చాలి.

ప్రశ్న: హ్యాండిలు వదిలితే సైకిలు ఒక పక్కకు లాగుతుంది. గుద్దుకున్న బండి అని అనుమానం.
– గునుపురం

జవాబు: దారం తీయండి. ఎడమ డ్రాపౌటుకు కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌటుకు బిగుతుగా తెచ్చి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా కొలవండి. తేడా 2-3 మి.మీ. దాటితే వెనక భాగం వంగింది. ఉక్కు కాబట్టి తెలిసినవాడు సరిచేస్తాడు. ముందు ఫోర్కును పక్క నుంచి చూస్తే, ముందు గొట్టం గీత తిన్నగా కిందికి సాగి, ఆ తర్వాతే ముందుకు వంపు తిరగాలి. గీత మొదట్లోనే వెనక్కి వాలితే గుద్దుకున్నదే. అప్పుడు ముందు గొట్టం వెనకగా, కింది గొట్టం అడుగున వేలితో నిమరండి. అక్కడ ఉబ్బు గాని ముడత గాని తగిలితే ఫ్రేము పోయినట్టే. రంగు కొత్తగా కొట్టిన బండ్లలో ఈ చోటే ముందు చూడాలి.

ప్రశ్న: సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కాలని ఉంది. నా బండికి ముందు 52-42, వెనక 14-24 పళ్లు. మోకాళ్లు పోతున్నాయి. పాత బండికి తేలిక గేరు పెట్టొచ్చా?
– కోరాపుట్

జవాబు: పెట్టొచ్చు. గేరు లెక్కకు ముందు పళ్లను అంగుళాల్లో చక్రం వ్యాసంతో (27) గుణించి, వెనక పళ్లతో భాగిస్తారు, అంకె తగ్గేకొద్దీ తేలిక. మీ అన్నిటికంటే తేలిక గేరు 42 × 27 ÷ 24, అంటే సుమారు 47 అంగుళాలు. అది మైదానంలో రేసు తొక్కేవాళ్ల లెక్క. ఫ్రీవీలు 14-28కి మారిస్తే 40.5కి దిగుతుంది. ముందు చిన్న పళ్లచక్రం ఎంతవరకు తగ్గించవచ్చన్నది క్రాంకు బోల్టుల వలయం మీద ఆధారపడుతుంది: 144 మి.మీ. వలయం అయితే 41 కంటే చిన్నది పట్టదు, 130కి 38 వరకు, 110కి 34 వరకు. 38ని 28తో కలిపితే 36.6, ఘాటుకు అది మనిషి తొక్కే గేరు.

కొన్ని పాత పొట్టి డెరైలర్లు 26 పళ్లు దాటితే ఫ్రీవీలుకు తగులుతాయి, ముందు మీది ఎంత మోస్తుందో చూసుకోండి. ఫ్రీవీలు మార్చాక చైను పొడవు పాతదే ఉంచకండి. ముందు పెద్దదాని మీదా వెనక పెద్దదాని మీదా చేత్తో ఎక్కించి చూడండి. చాలకపోతే లింకులు కలపాలి, లేకపోతే ఘాటు మధ్యలో డెరైలరు విరిగి చువ్వల్లో పడుతుంది. క్లిక్కులు లేని పాత గేరు లివర్లు కాబట్టి, హబ్బు మరకు సరిపడితే ఏ కంపెనీ ఫ్రీవీలైనా నడుస్తుంది, పాత బండ్ల సుఖం ఇదే.

ఎక్కడం కంటే దిగడం గురించే మాకు ఎక్కువ బెంగ. ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు పట్టదు. వానాకాలంలో వాటితో ఘాటు దిగకండి, అల్యూమినియం రిమ్ములు వేయించుకున్నాకే వెళ్లండి. బయలుదేరే ముందు బ్రేకు తీగలు, రబ్బర్లు కొత్తవి వేయించండి. అల్యూమినియం క్రాంకు ఇరుసు మీద కూర్చునే చోట, పళ్లచక్రం చేతులు మొదలయ్యే మూలల్లో మట్టి తుడిచి టార్చితో చూడండి. వెంట్రుకంత నల్ల గీత కనిపించి, గోరుకు తగిలితే అది పగులే. అలాంటి క్రాంకు మీద నిలబడి తొక్కకూడదు.

ప్రశ్న: చైను మార్చాలో వద్దో ఇంట్లోనే తెలుసుకోవచ్చా? విప్పినప్పుడు బాల్సు ఎన్ని వేయాలి?
– రాయగడ

జవాబు: ఉక్కు స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యన పెట్టండి. ఆ పిన్నును ఒకటిగా లెక్కపెడితే ఇరవై ఐదో పిన్ను మధ్య కచ్చితంగా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చండి. ఎనిమిదో వంతు సాగితే ఫ్రీవీలు కూడా పోయినట్టే, కొత్త చైను దాని మీద జారుతుంది. ఇక బాల్సు: వెనక హబ్బుకు పక్కకు 9 చొప్పున పావు అంగుళంవి, బి.బి. లో పక్కకు 11 అవే. ముందు హబ్బుకు సాధారణంగా పక్కకు 10, 3/16 అంగుళం సైజు. కప్పు నిండా కూర్చాక ఒక బాల్ పట్టేంత ఖాళీ మిగిలితే అది సరైన లెక్క, ఖాళీ నింపాలని ఇంకోటి దూర్చకండి. పాతవీ కొత్తవీ కలపకండి, ఒక పక్క మొత్తం ఒకే పొట్లంలోవి వేయండి.